ట్రెక్కింగ్ సామానుకు, బట్టలకు చిన్న కుట్టు సంచి: ఏమేం పెట్టుకోవాలి?

ఓరుగల్లు నడక
అందరికీ నమస్తే. వానలు వెనక్కి తగ్గగానే మా బ్యాచ్ పాండవుల గుట్ట, లక్నవరం చెరువు, కుదిరితే బొగత జలపాతం దాకా పోదామనుకుంటోంది. రెండు చిన్న టెంట్లు, దోమతెరలు, ఒక్కొక్కరికి 50 లీటర్ల బ్యాగు, రెయిన్ కవర్లు. అడవి దారిలో భుజం పట్టీ తెగినా, టెంటు జిప్పు తెరుచుకుపోయినా దగ్గర్లో టైలర్ ఉండడు కదా. అందుకే బ్యాగులో వేసుకునేలా ఒక కుట్టు కిట్ తయారు చేసుకుందామని ఉంది. స్టేషనరీ షాపుల్లో దొరికే రెడీమేడ్ డబ్బా (ఆరు రంగుల దారం, బుల్లి కత్తెర, నాలుగు గుండీలు) సరిపోతుందా? మొత్తం బరువు పావుకిలో దాటకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుండీ దారం (హన్మకొండ)
తమ్ముడూ, ఆ డబ్బా చొక్కా గుండీ ఊడితే పెట్టుకోవడానికి తప్ప బ్యాగుకు పనికిరాదు. అందులో దారం మూరెడు తీసి రెండు చేతులకూ చుట్టుకుని ఒక్క గుంజు గుంజి చూడు. పుటుక్కున తెగితే అది నీ బ్యాగు బరువు మోయదు. డబ్బా మాత్రం దాచుకో, సైజు మంచిది. లోపలి సరుకు మార్చుకుందాం.

ముందు ఒక పని చేయి. మీ సామానంతా నేల మీద పరిచి, కుట్లు ఎక్కడ వదులయ్యాయో, గుడ్డ ఎక్కడ పలచబడిందో, జిప్పు ఎక్కడ పట్టేస్తుందో చూడు. కిట్ అనేది నీ సామాను చూసి కట్టుకోవాలి, ఆన్‌లైన్ ఫొటో చూసి కాదు. ఇంట్లో కనిపించిన వదులు కుట్టును ఇంట్లోనే మిషన్ మీద వేయించుకుంటే అడవిలో సగం పని తప్పుతుంది.

దారం సంగతి. చొక్కాలు, ప్యాంట్లకు 120 టికెట్ పాలిస్టర్. బ్యాగు పట్టీలు, టెంటు మూలలకు 40 టికెట్. టికెట్ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. 40 టికెట్ దారం 120 కంటే చాలా లావు. రీళ్లు మోయకు. కుట్టుమిషన్ ప్లాస్టిక్ బాబిన్లు రెండు తీసుకుని, వాటికి చుట్టుకో. నలుపు ఒకటి, బూడిద రంగు ఒకటి. బూడిద రంగు ఏ బట్ట మీదైనా కలిసిపోతుంది.

ములుగు అడవిబాట
గుండీ దారం అన్న మాటకు అడ్డు చెప్పట్లేదు గానీ, వాన పడుతుంటే, చీకటి పడుతుంటే, చేతులు తడిసి ఉంటే ఎవరూ సూదిలో దారం ఎక్కించలేరు. ఏటూరునాగారం వైపు నేను తిరిగినంతలో ముందు చెయ్యి పోయేది టేపు మీదికే. నైలాన్ గుడ్డకు అతికే రిపేర్ టేపు వేరేగా దొరుకుతుంది. అది లేకపోతే మామూలు డక్ట్ టేపు. మొత్తం రోల్ వద్దు, రెండు మీటర్లు నీళ్ల బాటిల్‌కో, లైటర్‌కో చుట్టి పెట్టుకుంటే చాలు.

టేపు వేసే పద్ధతి ఉంటుంది. చినిగిన చోట బురద, చెమట తుడిచి, స్పిరిట్ దూది ఉంటే దానితో రుద్ది ఆరనివ్వాలి. టేపు ముక్కకు మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చదరం మూల ఉంటే బ్యాగులో రాపిడికి అక్కడినుంచే లేస్తుంది. చినుగు కంటే అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండాలి. వీలైతే లోపలా బయటా రెండు వైపులా వేయాలి, అప్పుడే ఊరు చేరేదాకా ఆగుతుంది.

గుండీ దారం (హన్మకొండ)
అడవిబాట చెప్పింది నిజమే. బరువు లాగే చోట సూది, గాలీ నీళ్లూ ఆపే చోట టేపు. ఇది గుర్తు పెట్టుకుంటే గొడవ లేదు. భుజం పట్టీకి టేపు వేస్తే అర కిలోమీటరు కూడా ఆగదు. ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగు పైగుడ్డ చినిగితే దానికి సూది పెట్టొద్దు, ఎందుకంటే ప్రతి సూది రంధ్రం నుంచి ఈకలు బయటికి వస్తాయి. అక్కడ టేపే మందు.

సిరిసిల్ల మగ్గం
మగ్గం మీద పనిచేసేవాడిగా ఒక మాట. టెంటు, రెయిన్ కవర్ గుడ్డ దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి కదా, దాన్ని రిప్‌స్టాప్ అంటారు. నిలువు పడుగులోనూ అడ్డం పేకలోనూ కొన్ని పోగులకు ఒకసారి లావు పోగు వేసి నేస్తారు. చినుగు ఆ లావు పోగు దాకా వచ్చి ఆగుతుంది, ఆగకపోయినా మెల్లగా పోతుంది. కాబట్టి మాసిక వేసేటప్పుడు ఆ గళ్ల వరుస చూసి, పాత గుడ్డ పడుగుకు మాసిక పడుగు కలిసేలా పెట్టి కుట్టండి. అడ్డదిడ్డంగా కోసిన ముక్క లాగినప్పుడు ఒకవైపు సాగి మాసిక పక్కనే కొత్త ముడత వేస్తుంది, అక్కడే మళ్లీ చినుగుతుంది.

పాత గొడుగు పడేయకండి. గొడుగు గుడ్డ సన్నగా, గట్టిగా, నీళ్లు జారేలా ఉంటుంది. రెయిన్ కవర్ మాసికకు అది బాగా కుదురుతుంది. అరచెయ్యంత ముక్కలు రెండు కిట్‌లో మడిచి పెట్టుకోండి, బరువే ఉండదు.

ఎనుమాముల మిర్చి
మా మార్కెట్‌లో హమాలీలు బస్తాలు కుట్టే దబ్బనం, సుతిలి తీసుకెళ్తే ఏమవుతుంది? చవక, గట్టి, ఎక్కడైనా దొరుకుతుంది.

గుండీ దారం (హన్మకొండ)
గోనె సంచి అల్లిక వదులుగా ఉంటుంది, దబ్బనం పోగుల మధ్యలోంచి దూరిపోతుంది. బ్యాగు నైలాన్ గుడ్డ దట్టం. దబ్బనం దూర్చితే పోగులు తెగి పెద్ద రంధ్రం పడుతుంది. సుతిలి జనపనార, తడిస్తే కుళ్లుతుంది. పట్టా (టార్పాలిన్) మూలకు కన్నాల రింగులు ఊడితే, అత్యవసరానికి తాడు దూర్చడానికి ఒక సన్న దబ్బనం పెట్టుకుంటే తప్పు లేదు. కుట్టు పనికి మాత్రం వద్దు.

సూదులు ఇలా తీసుకోండి: బట్టలకు మామూలు చేతి సూదులు 7, 8 నంబర్లు. చేతి సూదులకు కూడా నంబరు పెరిగితే సన్నబడతాయి. బ్యాగుకు పెద్ద కన్ను, పదునైన మొన ఉన్న లావు సూదులు రెండు, ఎందుకంటే ఒకటి విరుగుతుంది. వంకర సూది ఒకటి. పట్టీ లోపలికి చెయ్యి పోని చోట వంకర సూది లేకపోతే పని కాదు. తోలు సూది అని మూడు పలకల మొనతో ఒకటి ఉంటుంది, అది తోలునూ లావు పట్టీనీ కోసుకుంటూ పోతుంది. టెంటు గుడ్డకు దాన్ని తగలనివ్వకండి.

కరీంనగర్ కెమిస్ట్రీ
దారం గురించి అన్న చెప్పినదానికి కారణం కలుపుతాను. నూలు దారం తేమకు బూజు పట్టి పుచ్చుతుంది. నైలాన్ బలం ఎక్కువ, కొంచెం సాగుతుంది కూడా, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు త్వరగా బలహీనపడుతుంది. పాలిస్టర్ ఎండను అంతకంటే బాగా తట్టుకుంటుంది. మన వరంగల్, కరీంనగర్ వేసవి ఎండలు అందరికీ తెలిసినవే. రోజంతా ఎండలో ఉండే టెంటు కుట్లకు పాలిస్టరే సరైనది. చేపల వలకు వాడే సన్నటి ప్లాస్టిక్ తీగతో కుడదామని కొందరు చూస్తారు. అది గట్టిదే గానీ గుడ్డను కత్తిలా కోస్తుంది, ముడి కూడా జారిపోతుంది.

ఇంకో రెండు విషయాలు చెప్పకుండా ఉండలేను. ఒకటి, ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగురు నూలు బట్ట మీద ధారాళంగా పోయకండి. నూలుతో కలిసినప్పుడు అది చాలా వేగంగా గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. ఒంటి మీద ఉన్న బట్టకైతే చర్మం కాలుతుంది. దాన్ని కిట్‌లో పెట్టుకోవడానికి ఆలోచించండి, పెట్టుకున్నా బట్టలకు దూరం.

రెండోది, రెయిన్ కవర్ లోపలి పూత జిడ్డుగా అంటుకుంటూ, పొరలు పొరలుగా రాలుతుంటే అది కుట్టుతో, టేపుతో బాగయ్యేది కాదు. పాలీయురెథేన్ పూత తేమకు విచ్ఛిన్నమైపోతుంది. తడి సామాను మడిచి బీరువాలో పెట్టేవాళ్లకు ఇది తప్పదు. ఆరబెట్టి, వదులుగా, గాలి ఆడే చోట పెట్టాలి. కుట్టిన చోట నీళ్లు కారకుండా సీమ్ సీలర్ రాస్తారు, అది కూడా గుడ్డ పూతను బట్టే. సిలికాన్ పూత ఉన్న గుడ్డకు సిలికాన్ సీలరే పడుతుంది, మిగతావి ఆరాక ఊడి వస్తాయి.

కాజీపేట లోకో
జిప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చూసినంతలో ముందు పోయేది అదే. జిప్పు మూసినా రన్నర్ (జిప్పు మీద జరిగే ముక్క) వెనకాల పళ్లు విడిపోతున్నాయంటే పళ్లు పోయినట్టు కాదు. రన్నర్ లోపలి అంచులు అరిగి వదులయ్యాయి. రన్నర్‌ను మొదటి దాకా వెనక్కి లాగి, పళ్లు కలిపి మూసే వైపు అంచును చిన్న ప్లయర్‌తో ఎడమ ఒకసారి, కుడి ఒకసారి కొద్దికొద్దిగా నొక్కాలి. నొక్కి, లాగి చూడు. పట్టకపోతే ఇంకొంచెం. ఒకేసారి బలం పెడితే ఆ లోహం పెళుసు, చిట్లిపోతుంది.

నొక్కినా పట్టకపోతే కొత్త రన్నర్ వేయడమే. రన్నర్ వెనక్కి తిప్పి చూస్తే 5, 8, 10 లాంటి నంబరు ఉంటుంది. మూసిన పళ్ల వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లు. నంబరు కలిస్తే సరిపోదు, రకం కూడా కలవాలి. చుట్టలుగా ఉండే నైలాన్ జిప్పు రన్నర్ ప్లాస్టిక్ పళ్ల జిప్పుకు పట్టదు. మీ టెంటుది, బ్యాగుది చూసుకుని చెరొకటి కొనుక్కోండి. టైలరింగ్ సామాను షాపుల్లో పాత జిప్పు ముక్క చూపిస్తే ఇస్తారు.

మనవైపు ఎర్రమట్టి, ఇసుక రన్నర్‌లోకి చేరి అరగదీస్తాయి. పాత టూత్ బ్రష్‌తో కడిగి, ఆరాక కొవ్వొత్తి ముక్క పళ్ల మీద రుద్దండి. అదే కొవ్వొత్తి దారానికి కూడా మైనంలా పనికొస్తుంది, కాబట్టి బొటనవేలంత ముక్క కిట్‌లో ఉండాల్సిందే.

ఓరుగల్లు నడక
ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. గుండీ దారం అన్నా, ఒక్క సందేహం. మా బ్యాగుల్లో ఒకదానికి భుజం పట్టీ పైవైపు కుట్టు విడుతోంది. బయట ఉన్నప్పుడు అది ఊడితే చేత్తో ఎలా కుట్టాలి? మాలో ఎవరికీ గుండీ పెట్టడం తప్ప ఏమీ రాదు.

గుండీ దారం (హన్మకొండ)
ఇంట్లో ఉండగానే దాన్ని మిషన్ మీద వేయించుకో, అది మొదటి మాట. బయట ఊడితే ఇలా.

పాత దారం తుంటలన్నీ బ్లేడుతో తీసెయ్. ఆ రంధ్రాలే నీకు దారి చూపిస్తాయి. పట్టీ అంచు పోగులు లేస్తుంటే లైటర్ మంట దూరంగా చూపించి కరిగించు, టెంటు లోపల కాదు, బయట కూర్చుని. పట్టీని దాని చోట పెట్టి, రెండు పిన్నీసులతో కదలకుండా బిగించు. 40 టికెట్ దారం చేతి పొడవు తీసుకో, అంతకంటే పొడవైతే చిక్కు పడుతుంది. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే పోగులు అణుగుతాయి. కొసను ఏటవాలుగా కోసి, గోటితో నొక్కి చదును చేసి సూది కన్నులోకి పంపు. రెండు కొసలూ కలిపి ముడి వేస్తే జోడు దారం అవుతుంది.

కుట్టేది బఖియా. సూది కిందినుంచి పైకి తీసి, ముందుకు కాకుండా వెనక్కి ఒక కుట్టు వేయాలి. మళ్లీ కిందినుంచి రెండు కుట్ల దూరంలో పైకి తేవాలి, మళ్లీ వెనక్కి వచ్చి ముందు కుట్టు ఆగిన రంధ్రంలోనే దించాలి. ఇలా చేస్తే పైన మిషన్ కుట్టులా వరుసగా కనిపిస్తుంది. ఒక చోట దారం తెగినా వరసంతా విప్పుకుపోదు. ఒట్టి ముందుకుట్టు (కచ్చా కుట్టు) వేస్తే బరువు పడగానే గుడ్డ ముడుచుకుని దారం కోస్తుంది.

కుట్టుకు కుట్టుకు మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచు. గట్టిగా ఉండాలని దగ్గర దగ్గరగా వేస్తే గుడ్డంతా రంధ్రాలై ఆ గీత వెంబడే చినుగుతుంది. ముందు పట్టీ చుట్టూ చదరంగా తిరిగి రా, తర్వాత మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు వేయి. బ్యాగు కంపెనీలు మిషన్ మీద వేసేదీ ఇదే. చివర అదే చోట రెండు చిన్న కుట్లు వేసి, ముడి బిగించి, కొసను పొరల మధ్యలోకి దూర్చి కత్తిరించు.

సూదిని తోయడానికి అంగుస్తానా (వేలికి తొడిగే టోపీ) ఉండాలి, లాగడానికి ప్లయర్. ఈ రెండూ లేకుండా నాలుగు పొరల పట్టీలోంచి లావు సూది తీయడానికి చూస్తే వేళ్లకు గాయాలే. పాత బ్యాగు ఒకటి తీసుకుని ఇంట్లోనే ఒకసారి కుట్టి చూడండి. మీలో ఒక్కరికి చెయ్యి తిరిగినా చాలు.

హన్మకొండ సైకిల్ అక్క
బట్టల సంగతి కూడా చెప్పండి. ట్రాక్ ప్యాంటు, లెగ్గింగ్స్ లాంటి సాగే బట్ట చినిగితే మామూలు కుట్టు వేయగానే మళ్లీ పుట్టుక్కున తెగిపోతుంది. ఆడవాళ్లకు ఇది పెద్ద టెన్షన్, నలుగురిలో ఉన్నప్పుడు ఏం చేయాలో తోచదు.

గుండీ దారం (హన్మకొండ)
మంచి ప్రశ్న అక్కా. సాగే బట్టకు దారం కూడా సాగే దారి ఇవ్వాలి. తిన్నగా కాకుండా అడ్డంగా వంకర టింకర కుట్టు (జిగ్‌జాగ్) వేయండి, దారం బిగించి లాగకండి. బట్టను కొంచెం సాగదీసి పట్టుకుని కుడితే, వదిలాక దారం వదులుగా ఉంటుంది. మొన గుండ్రంగా ఉండే సూది అడిగి తీసుకోండి, అది అల్లిక ఉచ్చుల్ని కోయకుండా పక్కకు జరుపుతుంది. కుట్టే వ్యవధి లేనప్పుడు లోపలివైపు నుంచి పిన్నీసులు. పిన్నీసులు పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు, అన్నీ ఒకదానికొకటి గుచ్చి పెట్టుకోండి. బ్లౌజు హుక్కులు రెండు, ప్యాంటు హుక్కు ఒకటి కూడా వేసుకోండి.

జనగామ బూట్లు
బూటు అడుగు ఊడటం మాటేమిటి? మా నాన్న చెప్పులు కుడతారు, కాబట్టి నాకు తెలిసింది చెబుతా. సోల్ అంచు కొంచెం లేస్తే ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు వాడే పిడి ఉన్న మొన) రంధ్రం చేసి, మైనం పట్టించిన దారంతో కుట్టాలి. పిడిలోనే దారం రీలు ఉండే కుట్టు ఆరె ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దానితో మిషన్ లాగా పైదారం కిందిదారం ముడిపడే కుట్టు వస్తుంది. ఒకరి దగ్గర ఉంటే మొత్తం బ్యాచ్‌కి సరిపోతుంది. కానీ ఏళ్ల తరబడి అటక మీద ఉన్న బూటు అయితే మధ్య పొర నురుగు పొడిపొడిగా రాలుతుంది. దానికి కుట్టు పట్టదు, ఆ బూటుతో అడవికి పోకండి. దారిలో ఊడితే టెంటు తాడుతో బూటు చుట్టూ కట్టి ఊరు చేరాలి, అంతే. బయల్దేరే ముందు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాళ్లకు ఒకసారి చూపించండి. చుట్టూ కుట్టు వేయించుకుంటే చాలా ఏళ్లు వస్తుంది.

మంచిర్యాల గోదారి
అందరూ కుట్టడం గురించే చెబుతున్నారు, కుట్టకూడనిది నేను చెబుతా. పాండవుల గుట్ట పోతున్నారు కదా, అక్కడ రాళ్లెక్కేవాళ్లు ఉంటారు. రాక్ క్లైంబింగ్ నడుము హార్నెస్, దాని పట్టీలు, స్లింగ్‌లు ఎక్కడ కుట్టు వదులైనా చేత్తో ముట్టుకోవద్దు. పక్కన పడేయాలి, కోసేయాలి, ఇంకొకరు తీసుకుని వాడకుండా. లక్నవరంలో, గోదావరిలో పడవ ఎక్కేటప్పుడు వేసుకునే లైఫ్ జాకెట్ పట్టీ కూడా అంతే. ప్రాణం దాని మీద ఆధారపడే కుట్టు మన చేతి కుట్టు కాకూడదు. పట్టీ తెగిన జాకెట్ ఇస్తే వేరేది అడగండి, దొరక్కపోతే పడవ ఎక్కకండి.

ములుగు అడవిబాట
గోదారన్న మాట అందరూ రెండుసార్లు చదవండి.

దోమతెర గురించి చెప్పి ఆపుతా. తెరకు వేలు దూరేంత చినుగు ఉన్నా రాత్రంతా దోమలు లోపలే. మా అడవుల్లో మలేరియా ఇప్పటికీ ఉంది, దాన్ని చిన్న విషయం అనుకోకండి. పాత తెర ముక్క అరచెయ్యంత మడిచి పెట్టుకుని, సన్న సూదితో, 120 దారంతో అంచు చుట్టూ పై నుంచి కిందికి చుట్టుకుంటూ కుట్టాలి. లాగి కుడితే తెర ముడుచుకుని పక్కన కొత్త సందు పడుతుంది. చీకటి పడకముందే చేసుకోండి.

ఓరుగల్లు నడక
నిన్న సాయంత్రం వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల టైలరింగ్ సామాను షాపుల్లో తిరిగి చాలావరకు తెచ్చుకున్నాం. పాలిస్టర్ దారాలు రెండూ దొరికాయి, బాబిన్లకు చుట్టేశాం. వంకర సూది దొరకలేదు. జిప్పు రన్నర్‌కు టెంటు జిప్పు ఫొటో తీసుకెళ్తే షాపాయన కుదరదన్నారు, అసలు రన్నరే చూపించమన్నారు. రేపు టెంటే పట్టుకుపోతాం. భుజం పట్టీ మిషన్ మీదికి పోయింది. నడుము పట్టీ క్లిప్ విరిగితే ఎలా అన్నది ఒక్కటే మిగిలింది.

కాజీపేట లోకో
క్లిప్‌కి ముందు పట్టీ వెడల్పు కొలుచుకోండి. 20, 25, 38 మిల్లీమీటర్లు మామూలుగా ఉంటాయి. మధ్య కడ్డీకి చీలిక ఉన్న క్లిప్‌లు వస్తాయి, వాటికి పాత కుట్టు విప్పకుండానే పట్టీని పక్కనుంచి దూర్చొచ్చు. నడుముకు వాడేది ఒకటి చాలు. వంకర సూది కోసం రెగ్జిన్ సీట్లు కుట్టే షాపులో అడుగు తమ్ముడూ, వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. ఆటో సీట్లకు వాడే లావు దారం కూడా అక్కడే దొరుకుతుంది.

గుండీ దారం (హన్మకొండ)
సూదులు ఒట్టి డబ్బాలో వేయకు, వానాకాలం తేమకు తుప్పు పడతాయి. తుప్పు సూది గుడ్డలో దూరదు, దూరినా మరక పెడుతుంది. పాత స్వెట్టర్ ముక్కకో, మందపాటి గుడ్డకో రెండు చుక్కలు మిషన్ ఆయిల్ రాసి దానికి గుచ్చు. ఆ ముక్క మడిచి చిన్న జిప్ కవర్‌లో పెట్టి, దాన్ని డబ్బాలో పెట్టు. సూదుల మొనలకు రబ్బరు ముక్క. కత్తెర మొద్దు మొనది చూసి తీసుకో. ఎప్పుడైనా విమానంలో పోవాల్సి వస్తే కత్తెర, బ్లేడు చేతి బ్యాగులో కాకుండా లగేజీలో వేయాలి. బాబిన్ల మీద దారం నంబరు రాసి పెట్టుకో, టార్చి వెలుగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

హన్మకొండ సైకిల్ అక్క
తమ్ముడూ, రెగ్జిన్ షాపులో వంకర సూదులు దొరికితే నాకూ ఒకటి తీసుకో. డబ్బులు పంపిస్తా.

ఓరుగల్లు నడక
తప్పకుండా అక్కా. రేపు టెంటు పట్టుకుని జిప్పు రన్నర్ కోసం ఎలాగూ పోతున్నాం, రెండు తెస్తా.